నక్క మావయ్యకి మర్యాద

కొండ మీదికి మెలికలు తిరిగే ఘాట్ రోడ్డు. అందులో పన్నెండో మలుపు దగ్గర కార్లు ఆగుతాయి. మనుషులు దిగుతారు, లోయకేసి చూసి "ఆహా" అంటారు, ఫోటో దిగుతారు, ఆపైన డిక్కీ తీసి తినడం మొదలెడతారు. "నాకు షుగరండీ, తీపి ముట్టకూడదు" అంటూనే మూడు కాజాలు మింగి, నాలుగోదానికి మనసు పీకి, దాన్ని కోతులకి విసురుతారు. ఆ నాలుగో కాజా మీద బతికే కోతుల గుంపొకటి అక్కడ ఉండేది.

ఆ గుంపులో మంగతాయారు అనే తల్లి కోతికి కొడుకు గున్నయ్యంటే పంచప్రాణాలు. వాడి బొజ్జ చూసుకుని మురిసిపోయేది. పక్క కొమ్మ వాళ్లు "మీవాడు బొద్దుగా ఉన్నాడొదినా" అంటే చాలు, "దిష్టి పెట్టకండే తల్లీ!" అని వాడి తల చుట్టూ తిప్పి మెటికలు విరిచేది. అత్త సూరమ్మ మాత్రం "కాస్త చెట్టెక్కించవే వాణ్ణి" అని గొణుగుతుండేది. ముసలిదానికి మనవడు తింటుంటే కళ్లు కుట్టాయనుకునేది తాయారు.

ఆ మధ్యనే తాయారుకి ఓ అన్నయ్య దొరికాడు. నక్క నాగభూషణం. రోడ్డు వార పడేసిన జిలేబీ పొట్లాలూ, సగం తాగిన కూల్‌డ్రింకు సీసాలూ పొద్దున్నే ఏరుకొచ్చి చెట్టు మొదట్లో పేర్చేవాడు.

"చెల్లెమ్మా! నేనుండగా నా మేనల్లుడు అంత ఎత్తుకెక్కి ఆకులూ అలములూ నమలడమేంటి? ఈ కింది కొమ్మ మీద కూచోబెట్టు. మహారాజులా తింటాడు."

"మా అన్నయ్య మనసు వెన్నండీ" అని తాయారు ఊరంతా చెప్పుకునేది. నవ్వకండి. మన పిల్లాడి చేతిలో తీపి పెట్టినవాణ్ణి మనం మాత్రం ఎప్పుడైనా అనుమానించామా?

అప్పటికే తాయారు మొగుడు వీర్రాజుకి కాలికి సీసా పెంకు గుచ్చుకుని మూడు నెలలైంది. పుండు మానదు. ఎంత నీళ్లు తాగినా దాహం తీరదు. గంటకోసారి పొద చాటుకెళ్లేవాడు, వెళ్లొచ్చిన చోటల్లా చీమలు పట్టేవి. "గాలి సోకింది" అని తాయారు ఓ ఎండుమిరపకాయ వెతికి దిష్టి తీసి ఊరుకుంది.

ఓ రోజు ఓ కారు ఆగింది. ఓ తల్లి, బొద్దుగా ఉన్న తన కూతురి మెడని చేతిరుమాలుతో బరబరా రుద్దుతోంది. "ఎంత రుద్దినా ఈ మురికి వదలదే!"

వెనక జీపులోంచి దిగిన నర్సమ్మ అది చూసి ఆగింది. "అది మురికి కాదండీ. ఇంట్లో ఎవరికైనా షుగరుందా?"

"వాళ్ల నాన్నకుంది."

"అయితే పాపకోసారి రక్తపరీక్ష చేయించండి. ఒళ్లొచ్చిన పిల్లలకి మెడ వెనక ఇలా నల్లబడితే, షుగరొచ్చే ముందు హెచ్చరిక కావచ్చు. కంగారు పడకండి, ముందే చూసుకుంటే చాలావరకు ఆపుకోవచ్చు. ముందా చేతిలో కూల్‌డ్రింకు సీసా మానిపించండి. రోజూ ఆడనివ్వండి. ఒక్కదానికే పథ్యమంటే వినదు, ఇంటిల్లిపాదీ అదే తినండి."

పై కొమ్మ మీద తాయారు ఇదంతా వింది. పొద్దున్నే కదా, కొబ్బరిపీచు పెట్టి గున్నయ్య మెడ రుద్దింది! వాడు కుయ్యోమంటే వీపు మీద రెండు తగిలించింది కూడా. అమ్మమ్మమ్మ, ఎంత పని చేశాను అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

పరుగున అత్త దగ్గరికెళ్లింది. "అత్తయ్యా, ఆ మానని పుండూ, ఆ దాహం, ఆ చీమలూ... మీ అబ్బాయికున్నది షుగరంటారా?"

"మీ మావగారూ ఈ పుండుతోనే పోయారే. వంశంలో ఉంది. అందుకే కదే, వాణ్ణి చెట్టెక్కించమని చెవినిల్లు కట్టుకుని చెప్పింది! నా మాట నీకు చేదు, ఆ నక్క జిలేబీ తీపి."

"తప్పైపోయింది. అయితే మనవాడికీ రాసిపెట్టి ఉందా?"

"రాసిపెట్టేదేముంది, పెట్టే చెయ్యి నీదేగా. చెయ్యి మార్చు!"

మర్నాడు తాయారు ఆకుల చాటున కూచుని కింద ఏం జరుగుతోందో చూసింది. గున్నయ్య కింది కొమ్మ మీద కూచుని నములుతున్నాడు. వాడి బరువుకి కొమ్మ బాగా వంగింది. నాగభూషణం పొట్లం పెట్టి ఊరుకోలేదు. కొమ్మ కింద నిలబడి, మెడ సాచి, మూతికీ కొమ్మకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూసుకున్నాడు.

"ఇంకో జానెడు" అని లొట్టలేశాడు. "వారం తినిపిస్తే నోటికందుతాడు."

తాయారుకి ఒళ్లు మండిపోయింది. మీద పడి రక్కేద్దామనుకుంది. కానీ ఇవాళ రక్కితే రేపింకో తల్లికి అన్నయ్యవుతాడు. ఆమె కిందికి దిగింది, మొహం నిండా నవ్వు పులుముకుని.

"అన్నయ్యా! ఇన్నాళ్లూ ఎంత పొరపాటు చేశామో! మా ఇంట్లో మేనమామ ఎంగిలి పడందే మేనల్లుడు ముట్టకూడదట. మా అత్తయ్య ఒకటే తిట్లు. ఏదీ, ఒక్క జిలేబీ నోట్లో వేసుకో."

"నాకెందుకమ్మా, నేను మాంసా... అదే, నేను ఉపవాసం" అని నక్క నీళ్లు నమిలాడు.

"అంతేలే. సొంత చెల్లెలైతే తిననంటావా?" తాయారు ముక్కు చీదింది. "గున్నా, పైకొచ్చెయ్. మీ మావయ్య మనల్ని పరాయివాళ్లనుకుంటున్నాడు."

భోజనం పైకెళ్లిపోతుంటే నక్క ఆగుతాడా? "అయ్యో, తింటా తింటా!" అని ఒకటి మింగాడు.

"ఒక్కటేనా? ఒంటి జిలేబీ తింటే మా ఇంటికి అరిష్టం. ఇంకోటి. ఇదిగో, ఇది వాళ్ల నాన్న పేరు చెప్పి. ఇది మా అత్తయ్య పేరు చెప్పి. అయ్యో, గొంతు పట్టుకుందా? ఈ కూల్‌డ్రింకు పోసుకో. ఛ, అడుగున కాస్త వదిలేస్తారా ఎవరైనా? నా మీదొట్టు!"

గోదావరి మర్యాద ఎరుగుదురుగా. తిననన్నవాణ్ణి తినిపించేదాకా వదలరు. నాగభూషణం తెచ్చిందంతా నాగభూషణం కడుపులోకే పోయింది. రోజూ ఇదే తంతు. రోజూ అతను "మేనల్లుడేడీ?" అనడం, "పైన బజ్జున్నాడన్నయ్యా, బాగా ఒళ్లు చేశాడు, ఇంకో నాలుగ్రోజుల్లో దింపుతా" అని తాయారు ఆశ పెట్టడం.

పైన మాత్రం కథ వేరు. గున్నయ్య మొదటి వారం కాళ్లు కొట్టుకుని ఏడ్చాడు. "నాకు జిలేబీ కావాలీ!" వాడి ఏడుపు చూసి వీర్రాజు కూడా మొహం మాడ్చాడు, అతనికీ జిలేబీ లేదు మరి. సూరమ్మ ముందు నడిచి దారి చూపించింది. చింతచిగురు చిటారు కొమ్మన, మేడిపండ్లు వాగు అవతల, ఉసిరికాయలు కొండ మీద. తినాలంటే ఎక్కాలి, దూకాలి, పరిగెత్తాలి. ఇంటిల్లిపాదీ కలిసే వెళ్లేవారు. రెండు నెలలు తిరిగేసరికి గున్నయ్య నాన్నమ్మని పందెంలో ఓడించాడు. మెడ మీది నలుపు పలచబడింది. వీర్రాజు పుండు కూడా మెల్లగా మానుముఖం పట్టింది. అతని జబ్బు పోలేదు కానీ, అదుపులోకొచ్చింది.

అప్పుడు తాయారు కబురు పెట్టింది. "అన్నయ్యా, రా! మేనల్లుణ్ణి కింది కొమ్మ మీద కూచోబెట్టాను."

నాగభూషణం ఆయాసపడుతూ వచ్చాడు. దారిలో రెండుసార్లు వాగు దగ్గర ఆగాడు, మూడుసార్లు పొద చాటుకెళ్లాడు. వచ్చి చూస్తే, గున్నయ్య కూచున్నాడు గానీ కొమ్మ ఇసుమంతైనా వంగలేదు!

"ఇదేంటి చెల్లెమ్మా, కొమ్మ పైకి పోయింది?"

"కొమ్మ అక్కడే ఉందన్నయ్యా. నువ్వే కాస్త కిందికి పోయావు."

నక్కకి ఉక్రోషం ముంచుకొచ్చింది. ఇక చెల్లెలూ లేదు, మేనల్లుడూ లేడు. పళ్లు బయటపెట్టి బలమంతా కూడదీసుకుని ఎగిరాడు. కాళ్లు లేచాయి, పొట్ట లేవలేదు. బోర్లాపడి, రోడ్డు వాలులో గుమ్మడికాయలా దొర్లుకుంటూ పదకొండో మలుపు దగ్గర రాళ్లగుట్టకి కొట్టుకుని ఆగాడు. గుంపు గుంపంతా చప్పట్లు చరిచింది.

"గుక్కెడు నీళ్లివ్వండ్రా బాబూ, నాలుక పిడచకట్టుకుపోతోంది" అని మూలిగాడు కింద నుంచి.

తాయారు కొడుకుని గుండెలకి హత్తుకుంది. ఆ రోజు తర్వాత నక్క ఆ కొండ మీద ఎవరికీ అన్నయ్య కాలేదు. దాహంతో, నీరసంతో సతమతమవుతూ, మేకపిల్ల ఎదురొచ్చినా పరిగెత్తలేక పక్కకి తప్పుకునేవాడట.

నీతి: బిడ్డకి తీపి పెట్టడం ముద్దు కాదు, ఆ బిడ్డకి రేపు జబ్బు రాకుండా చూసుకోవడమే అసలు ముద్దు.