ఆవం ముట్టించిన తర్వాత

చిదంబరయ్యగారికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా కూర్చున్నచోట జవాబు చెప్పరు. "పద, నాలుగడుగులు వేద్దాం" అని లేస్తారు. దారిలో ఏది ఎదురైతే అదే జవాబు. అర్థం కాకపోతే మర్నాడు మళ్ళీ నడవాలి.

ఆ పొద్దున వీరమణి వచ్చి ఆయన అరుగు కింద కూలబడింది. ఏళ్ళ తరబడి ఆయన మాటలు వింటున్న శిష్యురాలే గాని, ఇలా ఎన్నడూ రాలేదు.

"అయ్యగారూ, ఆలస్యమైందని కోర్టువాళ్ళు నా మాటే కొట్టేశారు. మన్నించకూడదా?"

సంగతేమంటే, సర్పంచి ఎన్నికలో ఆమె ఓట్ల కట్టొకటి అవతలి కుప్పలో పడి లెక్కైపోయింది. చూసినవాళ్ళున్నారు. గెలిచినవాడు పరాయివాడా అంటే కాదు, మొగుడి పెదనాన్న కొడుకు శేషగిరి. లెక్క తేలిన మర్నాడే ఆమె మొగుడు పోయాడు. "నెల మాసికం వెళ్ళేదాకా గడప దాటకు వదినా, పిల్లలకి కీడు" అని చెప్పింది ఆ శేషగిరే. ఆమె నమ్మి మూల కూర్చుంది. చావు మైల అతనికీ ఉందాయె. అతను మాత్రం తలస్నానం చేసి వెళ్ళి, ప్రమాణం చేసి, కుర్చీలో కూర్చున్నాడు. మాసికం పెట్టి ఆమె ప్లీడరు ఇంటికి వెళ్ళేసరికి, ఎన్నిక మీద దావా వెయ్యడానికున్న నెల రోజుల గడువు దాటిపోయింది. కారణం ఎంత మంచిదైనా, ఇలాంటి దావాలో ఆలస్యాన్ని మన్నించే అధికారం చట్టం జడ్జికి ఇవ్వలేదన్నాడు ప్లీడరు. అయినా ఆమె పట్టుబట్టి వేయించింది. జడ్జిగారు ఓపిగ్గా అంతా విన్నారు. విని కొట్టేశారు.

చిదంబరయ్యగారు లేచారు. ఇద్దరూ నడుచుకుంటూ కుమ్మరి వీధికి వచ్చారు.

ఆ వీధికంతటికీ కుండలు కాల్చే ఆవం ఒకటే. అందులో ఇంటికింత చోటు. పచ్చి కుండలు పేర్చి, గడ్డి కప్పి, పైన మట్టి మెత్తి, వీధి పెద్ద గోపన్న అప్పుడే నిప్పు ముట్టించాడు. అంతలో నెత్తిన గంపతో తిరపతమ్మ పరిగెత్తుకొచ్చింది.

"ఆగు పెదమావా! నావి పెట్టకుండానే ముట్టించావా? మజ్జానం అని చెప్పాడుగా నీ కొడుకు!"

కొడుకు వీరేశం గడ్డి ఎగదోస్తూ తలెత్తలేదు. "పిలుస్తానే ఉన్నాం. ఈమెగారికి తెల్లారితేగా!"

"నా చోట్లో ఎవరివి పెట్టార్రా?"

అందరి చూపూ వీరేశం మీదికి పోయింది.

"ఓ పక్క తీసి దూర్చు పెదమావా, నీ కాళ్ళు పట్టుకుంటా. మబ్బు పట్టింది. తడిస్తే ఇవి మళ్ళీ మట్టే."

గోపన్న చెయ్యి ఆవం దాకా వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. "ఇప్పుడు గాలి తగిలితే లోపలున్నవన్నీ పగుల్తాయమ్మా. వీధంతా పస్తే." కండువాతో కళ్ళొత్తుకున్నాడు.

"నువ్వేడిస్తే నా కుండలు కాల్తయ్యా?" అంది తిరపతమ్మ. గంప దించి, పైట తీసి వాటి మీద కప్పుతూ కూర్చుండిపోయింది.

వీరమణి చాలాసేపు ఆ గంపనే చూసింది. గోపన్న మీద కోపం తెచ్చుకుందామంటే రాలేదు. అదేమి విచిత్రమో, కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియకపోవడమే కోపం కంటే బరువుగా ఉంది.

"తియ్యలేడు, సరే. ఒప్పుకున్నాను అయ్యగారూ. కానీ అబద్ధం చెప్పి ఆ చోటు కాజేసినవాడి కుండలు? అవైనా పగలవా?"

చిదంబరయ్యగారు పొగ వంక చూశారు.

"పగలవు తల్లీ, బాగానే కాల్తాయి. నిప్పుకి ఎవరి కుండో తెలియదు."