సూరాంబ మిగులు నీళ్లు

ఉప్పునేలల మధ్య కొండ్రపాడులో మంచినీళ్ల బావి ఒక్కటే, అదీ దొర భూపతిరాజుది. ఇంటికి నెలకిన్ని కడవల నీళ్లని వాటా ఇచ్చి, దానికి పన్ను కట్టించుకునేవాడు. ఒక ఏడు పన్ను పెంచి, మిగిలిన నీళ్లు వచ్చే నెల తోడుకోవచ్చని చాటింపు వేయించాడు. అయితే ముందు కొత్త నెల నీళ్లు అయిపోవాలి. ఆ నెల దాటితే పాతవి పోయినట్టే.

ఒంటరి ముసలమ్మ సూరాంబకు ప్రతి నెలా నీళ్లు మిగిలేవి, ఆ పాతవి తోడుకునే అవసరమే వచ్చేది కాదు. పక్కింటి బాలింతకు జ్వరమొచ్చి నీళ్లు చాలకపోతే, తన మిగులు ఇవ్వబోయింది. బావి కావలివాడు కుదరదన్నాడు.

ఊరు చూడవచ్చిన దొరను సూరాంబ భోజనానికి పిలిచి కడుపునిండా వడ్డించింది. తర్వాత మరో గిన్నె తెచ్చింది.

"నిన్నే వస్తారని వండినది దొరా. ఇదీ మీదే. పొద్దుగూకితే పారబోస్తాను."

"కడుపు నిండాక ఎలా తినను అవ్వా?"

"మీ బావిలో నా మిగులూ అంతే దొరా. నా దాహం తీరాకే అది నాదవుతుంది. దాహంతో ఉన్న పక్కింటి పిల్లకు మాత్రం ఇవ్వకూడదట."

గోడ అవతల బాలింత మూలుగు వినిపిస్తోంది. దొర కావలివాణ్ణి పిలిచి, ఎవరి మిగులు వాళ్లు ఎవరికైనా ఇచ్చుకోవచ్చని చెప్పాడు.

సూరాంబ అప్పటికే కడవ ఎత్తుకుని బావి దారి పట్టింది.