పొరలు కట్టిన పొయ్యి

మీ ఇంట్లో పాలు పొంగి పొయ్యి మీద పడితే తుడిచేది ఎవరు? వెంటనే అమ్మ అనేయకండి. అమ్మ పొంగించనివి కూడా అమ్మే తుడవాలా? జవాబు వెతుక్కుంటూ ఈ కథ వినండి.

అనగా అనగా, రాజులకు కోటలూ, కోటలకు కట్టెల పొయ్యిలూ ఉన్న కాలంలో, తుమ్మెదగిరిని గిరిభూపాలుడు ఏలేవాడు. ఆయన వంటశాలలో ఒక పెద్ద మట్టిపొయ్యి ఉండేది. పొయ్యి ముందు వంటమనిషి సింగమ్మ. పొయ్యి చల్లారాక, లోపలి వెచ్చని బూడిదలో, ఒక బూడిదరంగు పిల్లి.

కొన్నాళ్లుగా ఆ పొయ్యి సరిగా మండడం లేదు. కట్టె పెడితే పొగ. గొట్టంతో ఊదితే ఇంకా పొగ. అన్నం పైన పలుకు, అడుగున మాడు. పైకి చూస్తే మాత్రం ఏ లోపమూ లేదు. ఎర్రమట్టితో అలికి, తెల్లని ముగ్గు పెట్టి, పీటల మీది పెళ్లికూతురిలా ఉంది.

రాజుకు ఆకలి ఎక్కువ, ఓపిక తక్కువ. భోజనశాలలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగి తిరిగి, చివరికి ఒక మాట అనేశాడు. పున్నమికి చెల్లెలు అత్తవారి పరివారంతో వస్తోంది. ఆలోగా పొయ్యి బాగుపడకపోతే సింగమ్మ కోట విడిచి వెళ్లాలి.

వెళ్లడమంటే మాటలా? పొయ్యి ఆర్పుకున్న వంటమనిషిని ఏ ఇల్లు పిలుస్తుంది? ఆమె చెయ్యి మంచిది కాదంటారు. ఆ మాట ఒకసారి అంటుకుంటే ఏ కుంకుడు రసానికీ వదలదు. సింగమ్మకు కుదురు పోయింది. కూర్చుంటే లేస్తుంది, లేస్తే ఊదుతుంది, ఊది దగ్గుతుంది.

మొదట మంత్రి వచ్చాడు. అలుకు పలచనైందని తేల్చి, ఏటి మట్టి తెప్పించి, మరింత మందంగా అలికించాడు. పొగ కూడా మందమైంది.

తరవాత అత్తరు వర్తకుడు వచ్చాడు. పొగను ఆపడం కన్నా దానికి సువాసన అద్దడం తేలికన్నాడు. పొయ్యి నిండా సాంబ్రాణి దట్టించాడు. ఆ పూట పప్పుచారు తాగినవాళ్లకు గుడిలో కూర్చున్నట్టు అనిపించింది గానీ, కడుపు నిండలేదు.

ఆపైన జ్యోతిష్కుడు వచ్చాడు. పొయ్యికి దిష్టి తగిలిందన్నాడు. ఎండుమిరపకాయలు మూడుసార్లు తిప్పి అందులోనే పడేశాడు. సభంతా తుమ్ముతూ తోటలోకి పరిగెత్తింది. పోతూ పోతూ ఆయన ఇంకో మాట అన్నాడు. పొయ్యి అంటే లక్ష్మి, దానికి ఇనుము తగిలితే రాజ్యానికే కీడు.

పున్నమి రానే వచ్చింది. పొద్దున్నే సింగమ్మ వంటశాలలోకి వస్తే, పిల్లి పొయ్యి బయట ముడుచుకుని వణుకుతోంది. అసలే చిరాకు మీద ఉందేమో, సింగమ్మ దాని మీద పడింది.

"తిని తిని బలిశావు. అందుకే లోపల పట్టడం లేదు."

"అత్తా, నువ్వు పాలచట్టి మూత తీస్తే కదా నేను బలిసేది?" అంది పిల్లి. "నా నడుము నిరుడు ఎంతో ఇప్పుడూ అంతే. పొయ్యి నోరే చిన్నదైంది."

సింగమ్మ చెయ్యి పెట్టి చూసింది. ఒకప్పుడు మొద్దుకట్టె దూరిన చోట ఇప్పుడు పిడికిలి ఇరుక్కుంది. గాలి ఆడే దారే లేదు. మంట ఎలా లేస్తుంది?

ఆమె పొయ్యి మీద వేణ్నీళ్లు చిలకరించి, అట్లకాడ అందుకుంది. అప్పుడే వంటశాలకు వచ్చిన మంత్రి అడ్డుపడ్డాడు. పొయ్యికి ఇనుము తగిలిస్తావా, రాజ్యం ఏం కావాలి అని కేకలు వేశాడు. ఆ కేకలకు రాజే దిగి వచ్చాడు.

సింగమ్మ అట్లకాడ దించలేదు. "మహారాజా, రాజ్యానికి కీడు అట్లకాడతో రాదు. అన్నం ఉడక్కపోతే వస్తుంది. గీకనివ్వండి. ఏం జరిగినా నా తల మీద వేసుకుంటాను."

రాజు కడుపు గుర్రుమంది. గీకమన్నాడు.

ముందు సాంబ్రాణి జిగట, మాడిన మిరపకాయలు రాలాయి. వాటి కింద ముగ్గుతో సహా ఏటి మట్టి పెచ్చులూడింది. ఇంకా లోపల, అలుకుకూ అలుకుకూ మధ్య, నల్లగా మెరిసే బెల్లం పాకం. అది మంత్రి కొడుకు పెళ్లి నాడు ఒలికిందని సింగమ్మ చెప్పింది. తన ఇంటి పెళ్లి అని మంత్రి తనే గరిట పట్టి, పాకం పొంగించి, పైన మట్టి పూయించి వెళ్లాడు. మంత్రి పైకప్పు దూలాలు చూడసాగాడు. ఆ కింద మాడిన పప్పు. అది తనదేనంది సింగమ్మ, ఇంటికి పోయే తొందరలో తుడవకుండా అలికేశానని.

అన్నిటికన్నా అడుగున, రాయిలా గట్టిపడ్డ పొర ఒకటి. ఎంత గీకినా కదల్లేదు.

"ఇది ఎవరిది?" అన్నాడు రాజు.

సింగమ్మ లెక్క వేసుకుంది. నిజం చెబితే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోయినా పోతుంది. అలాంటప్పుడు నిజమే చెప్పి పోవడం మేలనుకుంది.

"మీ పట్టాభిషేకం నాటి పాలు, మహారాజా. పొంగి పొయ్యంతా పారాయి. ఆరకముందే తుడుస్తానన్నాను. అతిథులు వచ్చేస్తున్నారు, పైన అలికి ముగ్గెయ్యి చాలు అన్నారు తమరు. ఆనాటి నుంచీ కోటలో అందరికీ అదే పద్ధతి అయింది."

రాజు ముఖం ఎర్రబడింది. ఒక అడుగు గుమ్మం వైపు వేశాడు. ఆగాడు. వెనక్కి వచ్చి, పట్టు ఉత్తరీయం తీసి నడుముకు బిగించి, చెయ్యి చాచాడు.

"అట్లకాడ ఇలా ఇవ్వు. ఈ పొర నాది."

రాజుకు గీకడం చేతకాదు. మట్టి ఆయన మీసాల మీదికే ఎగిరింది. మూల వదిలేస్తున్నారని పిల్లి చెప్పింది, ఆయన మూల కూడా గీకాడు. వేణ్నీళ్లు పోస్తూ, గీకుతూ, చేతులు బొబ్బలెక్కాక ఆ పొర పెళ్లున లేచింది. మంత్రి ఎవరూ చెప్పకుండానే పెచ్చులు ఎత్తి తట్టలో వేశాడు.

సింగమ్మ రెండు కట్టెలు పెట్టి ఊదింది. పొగ లేదు. మంట గలగలా నవ్వింది. రాజు చెల్లెలి పరివారం వచ్చేసరికి అన్నం పువ్వులా విచ్చుకుంది. సింగమ్మ చోటు సింగమ్మకే ఉంది. ఆనాటి నుంచి తుమ్మెదగిరిలో రాజైనా సరే, పొంగించినవాడే తుడవాలి, ఆ తరవాతే అలుకు.

విన్నారు కదా, ఇక లేవండి. ఈ పూట మీ చేత ఒలికింది ఏదైనా ఉంటే ఇప్పుడే వెళ్లి మీ చేత్తోనే తుడవండి. కప్పిన మురికి పోదు, కూటికే అడ్డుపడుతుంది.