నాయుడు గుర్రం దిగిన రోజు

ఊళ్లకింకా పేర్లు పెట్టని రోజులవి. వాగులకే పేర్లుండేవి. ఎర్రవాగు ఒడ్డున ముసలప్ప నాయుడనే పాలెగాడు వాగుకు అడ్డంగా రాతికట్ట కట్టిస్తున్నాడు. రాళ్లు మోసేవాళ్లు నలభై మంది. వాళ్లలో ఓబులక్క ఒకతె.

నాయుడు రోజూ గుర్రం మీద వచ్చేవాడు. దిగేవాడు కాదు. చేతిలో కొరడా ఉండేది.

కట్ట మీద మొదటి వాన పడింది. "బాగుంది కదా?" అన్నాడు నాయుడు. "బాగుంది దొరా" అన్నారందరూ.

రెండో వాన పడింది. "బాగుంది కదా?" "బాగుంది దొరా."

మూడో వానకు వాగు నిండింది. "బాగుంది కదా?" "బాగుంది దొరా."

ఓబులక్క మాత్రం గంప దించింది.

"బాగలేదు దొరా. అడుగురాళ్ల సందుల్లోంచి బురదనీళ్లు వస్తున్నాయి. కింద గుడిసెలవాళ్లను ఖాళీ చేయించండి."

"మొయ్యలేక సాకులు చెబుతున్నావా?" అని నాయుడు గుర్రం తిప్పుకొని పోయాడు.

ఓబులక్క తనే పరుగెత్తింది. తలుపు తలుపూ తట్టింది. పిల్లాజెల్లా అందరినీ మిట్టకు ఎక్కించింది. నడవలేని ముసలామె ఒకతె మిగిలిపోతే, ఆమె కోసం మళ్లీ దిగింది. అప్పుడు తెగింది కట్ట. ఆ ఇద్దరూ మళ్లీ కనిపించలేదు.

మర్నాడు నాయుడు కూలివాళ్లనూ తనవాళ్లనూ అందరినీ పిలిపించాడు.

"తెగుతుందని ఇంకెవరికైనా తెలుసా?"

మేస్త్రీ యెర్రప్ప చెయ్యెత్తాడు. ఆయన పెళ్లాం ఎత్తింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ ఎత్తారు. చివరికి నాయుడి సొంత తమ్ముడూ ఎత్తాడు.

నాయుడు తమ్ముడి వైపు తిరిగాడు.

"నువ్వు కూడానా? మరి చెప్పలేదేంరా?"

"నువ్వెప్పుడు అడిగావన్నా? బాగుంది కదా అన్నావు. అది అడగడమా?"

నాయుడు గుర్రం దిగి బురదలోనే కూలబడ్డాడు.

మళ్లీ కట్ట మొదలైంది. నాయుడు నడిచి వచ్చి, రాళ్ల మధ్య నేల మీద కూర్చున్నాడు. "ఏం బాగలేదు?" అన్నాడు. ఎవరూ పలకలేదు. రెండో రోజూ పలకలేదు. మూడో రోజు సున్నం కలిపే గంగి లేచింది.

"సున్నంలో ఇసుక ఎక్కువైంది దొరా. మీరే వెయ్యమన్నారంట."

నాయుడు ఆ సున్నంతో కట్టిన రాళ్ల వరసలన్నీ విప్పించాడు. "ఇంకా చెప్పు తల్లీ" అన్నాడు. గంగి విస్తుపోయి చూసింది. పొద్దు వాలేలోపు ఇంకో ఏడుగురు నోరు విప్పారు.

ఎర్రవాగు వైపు ఇప్పటికీ ఏ పనికైనా ముందు పెద్దమనిషి నేల మీద కూర్చుని, "ఓబులక్కా, ఏం బాగలేదు?" అని అడుగుతాడు. అక్కడున్నవాళ్లలో ఎవరో ఒకరు ఆమె తరఫున బదులు చెప్పాలి. ఎవరూ పలకకపోతే ఆ రోజు ఒక్క రాయి కూడా ఎత్తరు.