పల్లకీ ఎక్కిన శార్దూలం

మణిగిరి అని ఒకానొక రాజ్యం. దాన్నేలే చండకేతు మహారాజుకి శార్దూలాల పిచ్చి. పులులు కావు లెండి, పద్యాలు. ఆయన పద్యం చదివితే అర్థమైనా కాకపోయినా సభంతా తలలూపాల్సిందే.

ఒకరోజు కొమరన్న అనే యువకవి సభలో కొత్తరకం కవిత చదివాడు. గణాలు లేవు, ప్రాస లేదు. పైగా ‘ఏరే దాటాం, ఎండొక లెక్కా?’ అన్న పాదం మాటిమాటికీ వస్తోంది.

రాజు మొహం చిట్లించాడు. “చెప్పిందే చెప్పడం పునరుక్తి దోషం. మాటలు కరువైనవాడి పని. ఆ పాదం ఒక్కసారి ఉంచి మిగతావి కొట్టెయ్. లేదా పొద్దుగూకేలోగా నా రాజ్యం దాటిపో.”

“దాటిపోతాను ప్రభూ, కొట్టెయ్యను. అది తీస్తే కవిత నడవదు” అన్నాడు కొమరన్న.

ఆస్థానంలో పేరిభట్టు అని ఒక మాటకారి ఉన్నాడు. కుర్రాడి మొండితనం ఆయనకి తెగ నచ్చింది. ఏమైనా సరే వీణ్ణి పోనివ్వకూడదనుకున్నాడు.

“ప్రభూ, తమరు సాయంత్రం పల్లకీలో కొండగుడికి వెళ్తారు కదా. బోయీలు అనే ‘ఓహోం ఓహోం’ కూడా పునరుక్తే. ఇవాళ దాని బదులు తమరి శార్దూలం పాడిద్దాం” అన్నాడు.

రాజు ఉబ్బిపోయాడు. పేరిభట్టు మధ్యాహ్నమంతా కూర్చుని బోయీలకి ఆ పద్యం నేర్పాడు. పనిలో పనిగా కొమరన్న కవిత కూడా నేర్పాడు.

సాయంత్రం బోయీలు శార్దూలం ఎత్తుకున్నారు. ఒక మాట పొడుగు, ఒక మాట పొట్టి. ముందువాడి అడుగు పడేసరికి వెనకవాడి కాలు గాల్లో ఉంది. పల్లకీ ఎగిరెగిరి పడింది. రాజుగారి కిరీటం ముక్కుమీదికి జారింది.

“ఆపండిరా, ఇంకేదైనా పాడండి” అన్నాడు రాజు.

పల్లకీ పక్కనే నడుస్తున్న పేరిభట్టు బోయీలకి కనుసైగ చేశాడు. ‘ఏరే దాటాం, ఎండొక లెక్కా?’ అని అందుకున్నారు బోయీలు. మాటకో అడుగు. పల్లకీ నీళ్లమీద పడవలా సాగింది. రాజుకి తెలియకుండానే చెయ్యి మోకాలిమీద తాళం వేసింది. ఆ పాదం తిరిగి రాగానే తనూ గొంతు కలిపాడు. మలుపు దగ్గర బోయీలు పాట ఆపారు.

“ఆపారేం? ఆ పాదం మళ్లీ అనండి.”

పేరిభట్టు పల్లకీ తెర తొలగించాడు. “వద్దు ప్రభూ, పునరుక్తి దోషం.”

రాజు గుర్రుగా చూశాడు. “గణాలే లేవు, మరి దీనికి ఈ నడక ఎక్కణ్ణించి వచ్చింది?”

“ఆ పాదంలో మాటలన్నిటికీ ఒకటే కొలత ప్రభూ. అడుగు పడేచోటే మాట పడుతుంది. అదే పాదం తిరిగొస్తే అలిసిన కాలు మళ్లీ కుదురుకుంటుంది. కొమరన్న తియ్యనన్నది అందుకే.”

“అయితే నా శార్దూలం పనికిరాదంటావా?”

“దానికేం ప్రభూ, వినడానికి సభనిండా జీతగాళ్లున్నారు.”

రాజు పల్లకీ ఊగేలా పగలబడి నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి పేరిభట్టు చేతిలో పెట్టాడు.

“కొమరన్న పొలిమేర దాటకముందే వెనక్కి పిలిపించు. ఇకనుంచి అతను మా ఆస్థానకవి. ఒక్క పాదం కూడా కొట్టెయ్యనక్కర్లేదు. ముందు నన్ను గుడికి చేర్చండి, ఆ పాటతోనే.”