ముత్యాలు గోడ మీద బావి

వెనకటికి వెన్నెలపాడులో కుండల్లో చింతగింజలు వేసి ఊరిపెద్దను ఎన్నుకునేవారు. ఎవరి కుండ నిండాలో మాత్రం సున్నం కాల్చే ముత్యాలు గోడే తేల్చేది. రోజూ పొద్దున్నే ఆమె బొగ్గుతో రెండు మాటలు రాసేది, ఊరంతా ఆగి చదివేది. చిన్న బొగ్గుముక్కకి అంత మహిమా అని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది!

ఒక ఏడు ఎన్నిక దగ్గరపడగానే, ఈసారీ పెద్దరికం తనకే కావాలని ఊరిపెద్ద కోదండయ్య ఆమె గోడ దగ్గరికొచ్చాడు.

"ఏమే, తూర్పువీధిలో నేను బావి తవ్వించానని రాయి. లేదంటే ఈ గోడ కూలగొట్టిస్తా."

"అక్కడ బావెక్కడుంది అయ్యగారూ?"

"నీ గోడ మీదుంటే జనం నమ్మేస్తారులేవే!"

తెల్లారేసరికి గోడ మీద ఇలా ఉంది: "కోదండయ్యగారు తూర్పువీధిలో బావి తవ్వించారు. బిందెలు తెచ్చుకోండి."

తూర్పువీధి నిండా బిందెలే! బావి కనపడక ఆడవాళ్లంతా కోదండయ్య వాకిట్లోకి వచ్చిపడ్డారు. వాళ్ల వెనకే గునపం పట్టుకుని ముత్యాలూ వచ్చింది. ఆయన ముత్యాలు వైపు ఉరిమి చూశాడు.

"మీరన్నట్టే నమ్మేశారు అయ్యగారూ," అంటూ ఆమె గునపం అందించింది. "గింజలు వేయడానికి ఇంకా పదిరోజుల గడువుంది."

తొమ్మిదోరోజున నీళ్లు పడ్డాయి. ముత్యాలు దోసిలితో తాగి చూసింది. గోడ మీది ఆ రాతని ఇక చెరపలేదు.