ముందు వరుసలో ఏడుపు

అడిగిన ప్రశ్నకు అడిగిన పూటే జవాబు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు మాణిక్యాంబ భాగవతారిణి గారు. హరికథలో పండిపోయిన మనిషి. ఎవరేం అడిగినా కిళ్ళీ బుగ్గన పెట్టుకుని, "చూద్దాం లేవే" అనేవారు. శిష్యురాలు సుభాషిణికి ఇది కొత్త కాదు. అయినా సుబ్బారాయుడి షష్ఠి తీర్థం నాటి మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగేసింది.

ఏడేళ్ళ కిందట సుభాషిణికి రొమ్ము క్యాన్సర్ వచ్చి కుడివైపు ఆపరేషన్ చేశారు. జబ్బు పోయింది. మొన్న కూడా పరీక్షలన్నీ చూసి డాక్టరమ్మ, "నీకేం ఢోకా లేదమ్మా, ఇది కోసిన చోట నరాల నొప్పి. వ్యాయామం మానకు. కొందరికి కొంత మిగిలిపోతుంది" అని చెప్పి పంపింది. ఆ మిగిలిందే ప్రాణం తోడేస్తోంది. చలి పడితే మచ్చ బిగుసుకుంటుంది. చిడతలు పట్టి చెయ్యెత్తితే చంక దగ్గర చురుక్కుమంటుంది. అందుకే సొంతంగా కథ చెప్పడం మానేసి, గురువుగారి వెనక కూర్చుని వంత పాడుతోంది. ఇప్పుడేమో తీర్థం కమిటీ వాళ్ళు రేపటి కథ సుభాషిణినే చెప్పమన్నారు. ఏ సంగతీ ఇవాళే తేల్చాలి.

"నొప్పి పోయాకే గజ్జె కడతానమ్మగారూ. అదెప్పుడు పోతుందో మీరే చెప్పండి. నిలబడి కథ చెప్పాలని నాకు మాత్రం ఉండదా?" అంది, కళ్ళనీళ్ళ పర్యంతమై.

"చూద్దాం లేవే," అన్నారావిడ.

సాయంత్రం పందిట్లో రుక్మిణీ కల్యాణం మొదలైంది. రుక్మిణి కబురు పట్టుకుని బ్రాహ్మడు ద్వారకకు బయల్దేరాడో లేదో, ముందు వరుసలో ఒక పసివాడు ఏడుపు లంకించుకున్నాడు. అబ్బో, ఏం గొంతు! సుభాషిణి ఆ ఏడుపును అణిచెయ్యాలని వంత పై స్థాయిలో అందుకుంది. వాడు ఇంకా పైకి పోయాడు. పంతం పట్టి గొంతుతో పాటు భుజం కూడా ఎగదీసేసరికి మచ్చ దగ్గర కలుక్కుమంది. మాణిక్యాంబ గారు వెనక్కి తిరక్కుండానే అరచేత్తో "తగ్గించు" అని సైగ చేశారు.

"బయటికి తీసుకుపోవమ్మా!" అని వెనకనుంచి కేకలు. ఆ తల్లి సిగ్గుతో చితికిపోయి లేవబోయింది.

"కూచో తల్లీ, ఈ చలిలో ఎక్కడికి పోతావు? పళ్ళొస్తున్నాయా?" అన్నారు మాణిక్యాంబ గారు చిడతలు ఆపి.

"అవునండమ్మగారూ. పొద్దుట్నించీ ఇదే గోల."

"రానీ, రానీ. రేపు గారెలు నమలొద్దూ?"

పందిరంతా నవ్వింది. ఆవిడ వేదిక మీద ఆ వైపుకే జరిగి, గొంతు దించి, "ఆ బ్రాహ్మడు వెళ్ళే దారిలో ఒక పూరింట్లో పసివాడి ఏడుపు వినబడిందట. ఆగి వింటే ముహూర్తం దాటిపోదూ? వింటూనే నడిచాడు" అని కథ అందుకున్నారు. వాడు కాసేపు ఊరుకున్నాడు, మళ్ళీ ఏడ్చాడు, మళ్ళీ ఊరుకున్నాడు. రథం వచ్చింది, రుక్మిణి ఎక్కింది, పెళ్ళయింది. జనం అక్షతలు చల్లారు. పాడుతూ పాడుతూ సుభాషిణి తన భుజం సంగతి కూడా చాలాసేపు మరిచింది.

మంగళహారతి అయ్యాక గజ్జెలు విప్పుకుంటూ గురువుగారు అడిగారు. "ఆ పిల్లాడు ఏడుపు ఎప్పుడు మానాడే?"

సుభాషిణి ఆలోచించింది. "మానలేదండీ. హారతప్పుడు కూడా ఏడ్చాడు."

"మరి రుక్మిణి పెళ్ళి?"

"అయిపోయిందండీ," అంది సుభాషిణి. తనలో తనే నవ్వుకుంది. ఎన్నాళ్ళకో గుండె తేలికపడింది.

ఇంతలో కమిటీ పెద్ద పరదా దగ్గరకొచ్చి, "రేపటి కథ ఎవరిదండీ?" అన్నాడు.

"నాదేనండీ," అంది సుభాషిణి. గురువుగారి వైపు తిరిగి, కాస్త బెరుగ్గా, "చెయ్యి మాత్రం మరీ పైకెత్తలేనమ్మగారూ. భుజం దాకానే" అంది.

"ఎంత లేస్తే అంతే ఎత్తు," అన్నారు మాణిక్యాంబ గారు కిళ్ళీ విప్పుతూ. "ఆ పిల్లాడి తల్లికి మాత్రం రేపు కూడా ముందు వరుసలోనే చాప వేయించు."